64,000 మందితో ఒకే లెక్క

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఖమ్మం, భద్రాచలం వైపు వాళ్లయితే ఈ అంకెలు మీకు కంఠతా వచ్చే ఉంటాయి. ఎగువన ఎంత వాన పడొచ్చో ముందే లెక్కకట్టేవి సూపర్ కంప్యూటర్లు. అవి పనిచేసే తీరును, కంప్యూటరే లేని రోజుల్లో ఊహించిన మనిషి లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్.

1881లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో, యుద్ధాన్ని ఒప్పుకోని క్వేకర్ కుటుంబంలో పుట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకీ పట్టకుండా ఫ్రాన్స్‌లో అంబులెన్స్ నడిపారు. ఆ రోజుల్లోనే, 1910 మే 20 నాటి వాతావరణాన్ని చేత్తో లెక్కకట్టారు. ఆరు గంటల్లో గాలి ఒత్తిడి 145 హెక్టాపాస్కల్స్ మారుతుందని వచ్చింది. నిజానికి ఆ రోజు ఒత్తిడి దాదాపు కదల్లేదు. పైగా రాతప్రతి యుద్ధంలో పోయి, నెలల తర్వాత బెల్జియంలో బొగ్గు కుప్ప కింద దొరికింది.

అయినా 1922లో ఆ తప్పు ఫలితంతో సహా పుస్తకం వేశారు. అందులో ఓ ఊహ ఉంది. పెద్ద హాలు, గోడల నిండా ప్రపంచ పటం, లెక్కలు కట్టే 64,000 మంది. ఒక్కొక్కరికి, తాము కూర్చున్న చోటి పటం ముక్క లెక్కలో ఒక భాగం. పక్కవాళ్ల అంకె అందకపోతే ఎవరి లెక్కా ముందుకు సాగదు. మధ్యలో స్తంభం మీద ఓ అధికారి. ముందుకెళ్లిపోయిన వాళ్ల మీద గులాబీ కాంతి, వెనకబడిన వాళ్ల మీద నీలి కాంతి వేసి అందరినీ ఒకే వేగంలో ఉంచుతాడు.

ఇప్పుడు ఆ మనుషుల చోట ప్రాసెసర్లున్నాయి. వాతావరణ మోడళ్లలో లెక్క ఎక్కువగా ఫోర్ట్రాన్‌లో ఉంటుంది. సరిహద్దు అంకెలను పక్క ప్రాసెసర్‌కి పంపే పని ఎంపీఐది. అందరూ వచ్చేదాకా ఆగడం బ్యారియర్, పని సమంగా పంచడం లోడ్ బ్యాలెన్సింగ్.

1920లో వాతావరణ శాఖ వైమానిక మంత్రిత్వ శాఖ కిందకు వెళ్లగానే రిచర్డ్‌సన్ ఉద్యోగం వదిలేశారు. 1950లో ఎనియాక్ కంప్యూటర్ మీద తొలి వాతావరణ అంచనా వచ్చిన సంగతి తెలిసి సంతోషించారు. 1953లో కన్నుమూశారు. తర్వాతి పరిశోధకులు ఆయన లెక్కను మళ్లీ చేశారు. పద్ధతి సరైనదే, మొదట తీసుకున్న కొలతల్లోనే సమతూకం లేదని తేలింది. వాటిని సవరిస్తే ఫలితం దారికొచ్చింది.

లూప్ రాయడం మీకు ఈపాటికే వచ్చు. ఇక పని పంచడం నేర్చుకోండి. ఎంపీఐ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, నాలుగు కోర్ల ల్యాప్‌టాప్ చాలు. ఓ పెద్ద పట్టికను నాలుగు ముక్కలు చేసి, ఎవరు ఎవరి కోసం ఆగుతున్నారో టైమ్ కొలవండి. ఇంటర్వ్యూలో చెప్పడానికి మీ చేత్తో చేసిన ప్రాజెక్టు అదే.