బయాస్‌కి పేరు పెట్టిన గ్యారీ కిల్డాల్

ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ ఎఫ్2 నొక్కితే వచ్చే బయాస్ ఉంది కదా, ఆ పేరు పెట్టింది గ్యారీ కిల్డాల్. 1942లో అమెరికాలోని సియాటిల్‌లో పుట్టాడు. వాళ్ల కుటుంబం ఓడలు నడపడం నేర్పే బడి నడిపేది. మాంటెరీలో నేవీ వాళ్ల కాలేజీలో పాఠాలు చెబుతూనే 1974లో సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాశాడు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. ఒక్కో కంపెనీ డిస్క్ కంట్రోలర్ ఒక్కో రకం. కొత్త మెషిన్ వచ్చిన ప్రతిసారీ కోడ్ అంతా తిరగేసి మార్చాలి. దాంతో హార్డ్‌వేర్‌ని ముట్టుకునే కోడ్ వరకూ విడదీసి బయాస్ అన్నాడు. ఫైళ్లు ఎలా దాచాలి, ఎలా వెతకాలి అనే నిర్ణయాలు బీడాస్ అనే భాగంలో ఉండిపోయాయి. అది ఎక్కడైనా ఒకటే. కంపెనీ వాళ్లు తమ బయాస్ రాసుకుంటే చాలు, సీపీ/ఎం నడిచేది. ఇప్పటి లినక్స్ డివైస్ ట్రీది కూడా ఇదే దారి. కాకపోతే బయాస్ కోడ్, ఇది వట్టి వివరాల పట్టిక.

1980లో ఐబీఎం వాళ్లు వచ్చారు, ఒప్పందం కుదరలేదు. ఆ అవకాశం మైక్రోసాఫ్ట్‌కి వెళ్లింది. విమానం నడుపుకుంటూ తిరిగి ఛాన్స్ పోగొట్టుకున్నాడనే కథ ఒక్కటే అందరికీ గుర్తు, అది నాకు అన్యాయం అనిపిస్తుంది. 1994లో తలకి దెబ్బ తగిలి, 52 ఏళ్లకే చనిపోయాడు. ఆ ఐబీఎం పీసీలో చిప్ మీదున్న కోడ్ పేరు మాత్రం బయాసే.