ఒకే బంతిలో గోరా గారు

మన మెస్‌లో ఏ జట్టు వాళ్ళు ఆ జట్టుగానే కూర్చుంటాం, గొడవలూ అక్కడే. అందుకే గోరా గారి గురించి రాస్తున్నా. గోపరాజు రామచంద్రరావు గారు 1902లో పుట్టారు. దేవుడు లేడన్నందుకు కాకినాడలో కాలేజీ ఉద్యోగం పోయింది. తర్వాత బందరు హిందూ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పారు. అదీ నిలవలేదు. 1940లో భార్య సరస్వతి గారితో ముదునూరు చేరి నాస్తిక కేంద్రం పెట్టారు. అంటరానితనం బాగా ఉన్న ఆ రోజుల్లో అన్ని కులాల వాళ్ళనీ ఒకే బంతిలో కూర్చోబెట్టి భోజనాలు జరిపించారు.

గాంధీ గారికి దేవుడంటే నమ్మకం, ఈయనకి లేదు. అయినా స్నేహం కుదిరింది. గోరా గారి పెద్దమ్మాయికి దళిత యువకుడితో పెళ్ళి సేవాగ్రామ్‌లో చేద్దామన్నారు గాంధీ గారు. ఆలోపే ఆయన్ని చంపేశారు. 1948 మార్చిలో పెళ్ళి అక్కడే జరిగింది. గోరా గారు 1975లో పోయారు.

నిన్న రాత్రి నేను పళ్ళెం పట్టుకెళ్ళి అవతలి వరసలో కూర్చున్నా. ముందు ఎవడూ మాట్లాడలేదు. కాసేపటికి ఒకడు చారు బకెట్టు నా వైపు జరిపాడు.