నర్సులను టీచర్లుగా చేసిన డాక్టరు

పిల్లలూ! మీ తాతగారో, అమ్మమ్మగారో ఇంట్లోనే షుగరు చూసుకోవడం మీరు చూశారా?

ఎలియట్ జాస్లిన్ 1869లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో పుట్టారు. బోస్టన్‌లో డాక్టరుగా పనిచేశారు. వాళ్ళ అమ్మగారికి కూడా షుగరు జబ్బు ఉండేది. అప్పట్లో ఆ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవారు కాదు.

1921లో కెనడాలో ఇన్సులిన్ కనుక్కున్నారు. కానీ మందు ఒక్కటే చాలదు కదా! రోజూ ఏం తినాలి? ఇన్సులిన్ ఎంత వేసుకోవాలి? ఎక్కువైనా, తక్కువైనా ప్రాణానికే ప్రమాదం. డాక్టరు ప్రతి ఇంటికీ వెళ్ళలేరు. అందుకని జాస్లిన్ నర్సులకు శిక్షణ ఇచ్చారు. వాళ్ళు ఇళ్ళకు వెళ్ళి, పిల్లలకూ అమ్మానాన్నలకూ ఇవన్నీ ఓపికగా నేర్పేవారు.

జాస్లిన్ 1962లో చనిపోయారు. మీ తాతగారికి షుగరు చూసుకోవడం ఎవరు నేర్పారో అడిగి, తెలుగులో రెండు వాక్యాలు రాయండి.