జనరల్ గ్రిగొరెంకో

1907లో ఉక్రెయిన్ రైతు కుటుంబంలో జన్మించిన పెట్రో గ్రిగొరెంకో, రెండవ ప్రపంచయుద్ధంలో సోవియట్ సైన్యం పక్షాన పోరాడి మేజర్ జనరల్ అయ్యాడు. మాస్కోలోని ఫ్రుంజే సైనిక విద్యాలయంలో బోధించాడు. 1961లో ఒక పార్టీ సభలో లేచి, వ్యక్తిపూజను, నాయకులు అనుభవించే ప్రత్యేక సౌకర్యాలను నిరసించాడు. దానితో ఆ కొలువు పోయింది. 1964లో ఆయనను నిర్బంధించి, మతిస్థిమితం లేనివాడని ముద్రవేసి, హోదాను ఊడబెరికారు. మరుసటి ఏడు విడుదలైన ఆ సేనాని దుకాణంలో బరువులు మోసి పొట్టపోసుకున్నాడు.

అయినా ఆయన మౌనం వహించలేదు. స్టాలిన్ 1944లో క్రిమియా నుండి మధ్య ఆసియాకు తరిమివేసిన తాతార్ల పక్షాన నిలిచాడు. 1969లో వారి కొరకు తాష్కెంటు వెళ్ళి అక్కడ పట్టుబడ్డాడు. ఆ నగర వైద్యులు పరీక్షించి, ఆయన స్వస్థచిత్తుడేనని తేల్చారు. పాలకులకది రుచించలేదు. మాస్కోలో మరొక వైద్యబృందం చేత రోగి అనిపించారు. ఏలినవారికి ఏ రోగం కావాలో ఆ వైద్యులకు ముందే తెలుసు కాబోలు! 1974 వరకు ఆసుపత్రియే ఆయనకు కారాగారమైంది.

1976లో మాస్కో హెల్సింకీ బృంద స్థాపకులలో ఒకడైనాడు. 1977లో శస్త్రచికిత్సకై అమెరికా వెళ్ళగా, 1978లో ప్రభుత్వం పౌరసత్వాన్ని రద్దుచేసి తిరుగుదారి మూసివేసింది. అక్కడ తన కోరికపైననే మనోవైద్యుల పరీక్షకు నిలిచాడు. వారికి ఏ మానసిక వ్యాధీ కనబడలేదు. 1987లో న్యూయార్కులో కన్నుమూశాడు. 1993లో రష్యా ఆయన జనరల్ హోదాను పునరుద్ధరించింది.