వేలూరు నర్సులకు బాట వేసిన డాక్టర్ ఐడా స్కడర్

బంగారుపాళ్యం, పలమనేరు, చిత్తూరు ప్రాంతాల్లో జబ్బు ముదిరితే ఇంటి పెద్దల నోట ముందుగా వచ్చే మాట వేలూరు. అక్కడి సీఎంసీ ఆసుపత్రి మెట్లెక్కని కుటుంబాలు మన వైపు తక్కువ. అయితే ఆ ఆసుపత్రిని స్థాపించిన డాక్టర్ ఐడా సోఫియా స్కడర్ గురించి తెలిసినవారు కొద్దిమందే. ఆమె జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటనలో ఒక ముస్లిం కుటుంబపు దుఃఖం కూడా ఉందన్న సంగతి మరీ కొద్దిమందికి తెలుసు.

ఐడా 1870 డిసెంబర్ 9న వేలూరు దగ్గరి రాణిపేటలో జన్మించారు. తాత జాన్ స్కడర్ 1819లో అమెరికా నుంచి సింహళానికి, తర్వాత మద్రాసు ప్రాంతానికి వచ్చిన వైద్య మిషనరీ. తండ్రి కూడా వైద్యుడే. పసితనంలోనే ఆమె 1876-78 నాటి ఘోర కరువును కళ్లారా చూశారు. చదువు కోసం అమెరికా వెళ్లాక మళ్లీ ఈ దేశానికి రాకూడదనీ, అక్కడే పెళ్లి చేసుకుని సుఖంగా స్థిరపడాలనీ అనుకున్నారు. కానీ 1890లో తల్లికి జబ్బు చేయడంతో ఆమెకు సేవ చేసేందుకు తిండివనం రాక తప్పలేదు.

అక్కడ ఉండగా ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆమె ఇంటి తలుపు తట్టారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం, మరొకరు ఇంకో హిందూ కుటుంబీకుడు. ముగ్గురి భార్యలూ ప్రసవ వేదనతో ప్రాణాపాయంలో ఉన్నారు. తనకు వైద్యం రాదనీ, తండ్రి డాక్టరు గనుక ఆయనను పిలుచుకు వెళ్లమనీ ఐడా చెప్పారు. పరాయి మగవాడు తమ ఆడవారిని చూడటానికి ముగ్గురూ ఒప్పుకోలేదు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు తల్లులూ కన్నుమూశారు. సమయానికి ఒక్క ఆడ డాక్టరు, తర్ఫీదు పొందిన ఒక్క మంత్రసాని ఉండి ఉంటే వారు బతికేవారేమో. ఆ ఆలోచన ఐడాను స్థిమితంగా ఉండనివ్వలేదు. తాను డాక్టరునవుతానని ఆమె తల్లిదండ్రులకు చెప్పారు.

1895లో ఫిలడెల్ఫియాలో వైద్య విద్యలో చేరి, 1899లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి పట్టా పుచ్చుకున్నారు. 1900 ఆరంభంలో వేలూరు చేరారు. అప్పట్లో వేలూరు, బంగారుపాళ్యం రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోవే. ఆ జిల్లాకు ముఖ్య పట్టణం చిత్తూరు. చిత్తూరు జిల్లా వేరుపడింది 1911లో. వచ్చిన కొద్ది నెలలకే తండ్రి మరణించారు. ఐడా వెనుదీయక ఇంట్లోని ఒక చిన్న గదిలోనే వైద్యం మొదలుపెట్టారు. వంటమనిషి భార్య సలోమీకి కట్లు కట్టడం, మందులు అందించడం నేర్పి సహాయకురాలిగా పెట్టుకున్నారు. వేలూరులో ఐడా తీర్చిదిద్దిన తొలి నర్సు ఆమేనని చెప్పుకోవచ్చు. 1902లో అమెరికా దాత ఒకరు తన భార్య జ్ఞాపకార్థం ఇచ్చిన విరాళంతో 40 పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి ప్రారంభమైంది.

పడకలు వచ్చాక అసలు సమస్య ఎదురైంది. డాక్టరు ఆపరేషన్ చేసి వెళ్లిపోతారు. ఆ తర్వాత రాత్రంతా నాడి చూసేదెవరు? రక్తస్రావం మొదలైతే ముందుగా పసిగట్టేదెవరు? మందు వేళకు, సరైన మోతాదులో ఇచ్చేదెవరు? పుండు కడిగేది, పక్క మార్చేది, ఒంటి మీద పుండ్లు పడకుండా రోగిని అటూ ఇటూ తిప్పేది ఎవరు? ఇవన్నీ చదువు, శిక్షణ కావలసిన పనులని గ్రహించి 1909లో ఐడా నర్సుల శిక్షణ పాఠశాల తెరిచారు. అమెరికా నుంచి వచ్చిన నర్సు డెలియా హౌటన్ దాని బాధ్యత స్వీకరించారు.

ఆ రోజుల్లో ఈ వృత్తికి గౌరవం లేదు. పరాయివారి ఒళ్లు ముట్టుకోవాలి, మలమూత్రాలు ఎత్తాలి, రాత్రిపూట ఇల్లు విడిచి ఉండాలి. అందుకే హిందూ, ముస్లిం కుటుంబాలు తమ ఆడపిల్లలను పంపేందుకు వెనుకాడేవి. దీనికి తోడు ప్రాణభయం. అంటురోగికి డాక్టరు కన్నా ఎక్కువ సేపు దగ్గరగా ఉండేది నర్సే. క్షయకు మందు కనిపెట్టింది 1940లలో. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి వెలిసినప్పుడు గాలి, వెలుతురు, మంచి తిండి, విశ్రాంతి, శుభ్రతే అక్కడి చికిత్సకు ఆధారం. రోగుల దగ్గు, కళ్లె మధ్య మెలగిన నర్సులకు ఆ శుభ్రతే కవచం.

ఐడా 1918లో స్త్రీల కోసం వైద్య పాఠశాల తెరిచారు. మొదటి ఏడాదే 151 దరఖాస్తులు వచ్చాయి. 1946లో అక్కడి నర్సింగ్ పాఠశాల కళాశాలగా ఎదిగింది. దేశంలో నర్సింగ్ డిగ్రీ మొదలైన తొలి రెండు కళాశాలల్లో అది ఒకటి, రెండోది ఢిల్లీలో ఉంది. 1947లో వైద్య విద్యకు మగపిల్లలను కూడా చేర్చుకున్నారు. పెళ్లి చేసుకోకుండా జీవితమంతా ఈ సేవకే ధారపోసిన ఐడా 1960 మే నెలలో కొడైకెనాల్‌లో కన్నుమూశారు.

రోగుల సేవ తక్కువ పని అనే భావం మన చరిత్రకు పొసగదు. మదీనాలో హజ్రత్ రుఫైదా అస్లమియా (రజి) గాయపడినవారికి ఒక గుడారంలో చికిత్స చేసేవారు. హిజ్రీ 5వ సంవత్సరంలో, అంటే 627లో, కందక యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను ప్రవక్త (స) ఆమె గుడారానికే చేర్పించారని చరిత్రకారులు రాశారు. ఆ గుడారం ఉన్నది మస్జిదె నబవి ఆవరణలోనే.

నేడు మన ఆడపిల్లలు నర్సింగ్ చదువుతున్నారు, గల్ఫ్ దేశాల దాకా వెళ్తున్నారు. అయితే ప్రమాదాలు పోలేదు, రూపం మార్చుకున్నాయి. రోగికి గుచ్చిన సూది పొరపాటున నర్సు చేతికి గుచ్చుకుంటే ఆ రోగి నుంచి హెపటైటిస్-బి టీకా వేసుకోని వారికి సోకే అవకాశం నూటికి 30 దాకా ఉండవచ్చు. హెపటైటిస్-సి అయితే నూటికి సుమారు 2 లేదా 3, హెచ్ఐవి అయితే వెయ్యికి సుమారు 3. అందుకే వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదు, వెంటనే గట్టి డబ్బాలో వేయాలి. గుచ్చుకుంటే సబ్బునీటితో కడిగి, ఆలస్యం చేయకుండా పైఅధికారికి తెలపాలి. హెచ్ఐవి నివారణ మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. భయంతోనో, సిగ్గుతోనో దాచిపెట్టడం ప్రాణానికే ముప్పు. రోగులను ఎత్తడం వల్ల నడుము నొప్పి, రాత్రి డ్యూటీల వల్ల నిద్రలేమి ఈ వృత్తిలో మామూలే. 2020లో కరోనా వచ్చినప్పుడు నర్సులు పసిబిడ్డలను ఇంట్లో వదిలి వార్డుల్లో నిలబడిన సంగతి మరువరానిది.

వీటన్నిటి మీద బంధువుల దౌర్జన్యం ఒకటి. ఆసుపత్రి సిబ్బందిపై దాడి చేస్తే 2008 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం కింద 3 ఏళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. చట్టం సంగతి అలా ఉంచితే, అర్ధరాత్రి మన తల్లికి సెలైన్ మార్చే అమ్మాయి కూడా ఒక ఇంటి బిడ్డేనని గుర్తుంచుకోవాలి.

మన ఇంటి ఆడవారికి ఆడ నర్సే కావాలని కోరుకుంటాం. ఆ కోరిక న్యాయమైనదే. కాని ఆ నర్సు ఎవరో ఒకరి ఇంటి నుంచే రావాలి. నర్సింగ్ చదువుతానని కూతురు అడిగితే కాదనే ముందు తల్లిదండ్రులు ఈ విషయం ఆలోచించాలి. పెళ్లిచూపుల్లో నైట్ డ్యూటీ మాట విని ముఖం చిట్లించే అత్తింటివారు కూడా ఆలోచించాలి. చదివించిన బిడ్డకు టీకాలు వేయించడం, రాత్రి డ్యూటీ చేసి వచ్చిన కోడలిని పగలు నిద్రపోనివ్వడం, ఇంటి పనిలో చేయందించడం ఆమె ద్వారా ప్రాణాలు దక్కించుకునే వారందరికీ చేసే ఖిద్మత్.