కోళ్ల గూటిలో ఓ టీచరమ్మ

డాక్టర్ ఎథెల్ పెర్సీ ఆండ్రస్ 1884లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జన్మించారు. 1916లో లాస్ ఏంజెలిస్‌లోని లింకన్ హైస్కూలుకు ప్రిన్సిపాలయ్యారు. కాలిఫోర్నియాలో ఆ పదవి చేపట్టిన తొలి మహిళ ఆమే. తల్లికి సేవ చేసేందుకు 1944లో రిటైరయ్యారు. చేతికొచ్చిన పెన్షన్ నెలకు 60 డాలర్ల పైచిలుకు!

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో జీతాలు పెరిగాయి, ధరలూ పెరిగాయి. పాత పెన్షన్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. ఈ బాధ మనకు ఒకరు చెప్పాలా? రిటైరైన ఒక ఉపాధ్యాయిని కోళ్ల గూటిలో కాపురముండటం ఆండ్రస్ కళ్లారా చూశారు. వైద్యానికి ఆమె దగ్గర డబ్బు లేదు. 1947లో విశ్రాంత ఉపాధ్యాయుల జాతీయ సంఘాన్ని ఆండ్రస్ స్థాపించారు.

ఉద్యోగాల్లో ఉన్నవారికి యాజమాన్యాల ద్వారా ఆరోగ్య బీమా విరివిగా అందుతున్న రోజులవి. 65 దాటినవారికి పాలసీ దొరకడమే గగనం. ఆమె 40కి పైగా బీమా కంపెనీల గడప తొక్కారు. అందరూ కాదన్నారు. చివరకు 1956లో లియొనార్డ్ డేవిస్ అనే బీమా ఏజెంటు పూనుకోవడంతో సభ్యులకు గ్రూపు బీమా సాధ్యమైంది. టీచర్లు కాని రిటైరైనవారూ తమకూ కావాలన్నారు. వారికోసమే 1958లో ఏఏఆర్‌పీ పుట్టింది. వృద్ధులకు ప్రభుత్వ మెడికేర్ 1965లో గాని చట్టం కాలేదు. 1967లో, 82వ ఏట కన్నుమూసేదాకా సంఘం పగ్గాలు ఆమె చేతిలోనే ఉన్నాయి.