పట్నానికి తెలుగు గొంతు ఇచ్చిన సురవరం

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని కార్యదర్శిగారు కోరగా, నాకు వెంటనే స్ఫురించిన పేరు సురవరం ప్రతాపరెడ్డిగారిది.

మల్కాజ్‌గిరి నుండి తార్నాక వచ్చి, ఉస్మానియా క్యాంపస్‌లో కాసేపు నడవడం నాకు అలవాటు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం చూసినప్పుడల్లా పాత రోజులు తలపుకు వస్తాయి. 1918లో ఈ విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. దేశభాషలో ఉన్నత విద్య చెప్పడం గొప్ప విషయమే. కాని సంస్థానంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు పట్నంలో మర్యాద లేకపోయింది. 1921లో నగరంలో జరిగిన ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన వకీలుగారిని గేలి చేశారు. ఆ అవమానం నుండే ఆంధ్ర జనసంఘం పుట్టింది.

ప్రతాపరెడ్డిగారు 1896లో పాలమూరు ప్రాంతంలో జన్మించారు. న్యాయశాస్త్రం చదివి, హైదరాబాదులో రెడ్డి హాస్టలు బాధ్యత చూశారు. 1926లో గోలకొండ పత్రిక స్థాపించారు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. ఉర్దూ, ఫారసీ బాగా తెలిసిన పండితులు. ఏ భాషనూ ద్వేషించలేదు, తన భాషకు చోటు అడిగారు.

తెలంగాణలో కవులు లేరన్న మాట వినవచ్చినప్పుడు వారు వాదనతో సరిపెట్టలేదు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. మన భాషలో చెప్పాలంటే, ఫైలులో ఆధారాలన్నీ జతచేసి పంపారు. ఇక తిరుగు జవాబు ఏముంటుంది?

నేను కొలువులో చేరిన కొత్తలో నా యాస విని నవ్వినవారున్నారు. మాట్లాడడమే తగ్గించుకున్నాను. తరువాత ఆ సంచిక చదివాను. మా పల్లెల వంటి ఊళ్ల పేర్లు అందులో కనిపించాయి. ఆనాటి నుండి తల వంచలేదు.

1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో వారు రాజుల యుద్ధాలకన్న ప్రజల తిండి, బట్ట, ఆటలు, పండుగలకు పెద్దపీట వేశారు. 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికై, 1953లో కన్నుమూశారు. 1955లో ఆ గ్రంథానికి కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగులో ఇచ్చిన తొలి పురస్కారం దక్కింది. అందుకోవడానికి వారు లేరు.

ఇప్పుడు వారి విగ్రహం ట్యాంక్‌బండ్ మీద ఉంది. 2025లో తెలుగు విశ్వవిద్యాలయానికి వారి పేరు పెట్టారు. విగ్రహానికి దండ వేయడం మంచిదే. మనుమలచేత ఆ పుస్తకంలో ఒక్క పుట చదివించడం ఇంకా మంచిదని మనవి.